బాగున్న మోకాలు

తెగిపోయి ఉంటే బాగుండు అనుకుంది. అనుకున్న వెంటనే నాలుక కరుచుకుని, పైకి అనేశానేమో అని చుట్టూ చూడబోయింది. చూడటానికి గదిలో ఎవరూ లేరు. స్కానింగ్ చేసే అమ్మాయి ఆమె కుడి మోకాలిని ప్లాస్టిక్ బోనులాంటి దాంట్లో పెట్టి, రెండు పక్కలా మెత్తలు కుక్కి, పట్టీ బిగించి, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో రబ్బరు బుడ్డి ఒకటి పెట్టి, "కంగారుగా ఉంటే ఇది నొక్కండి మేడం, వచ్చేస్తాను. కాలు మాత్రం కదపొద్దు, కదిపితే మళ్ళీ మొదటినుంచి తియ్యాలి," అని చెప్పి అద్దం వెనక్కి వెళ్ళిపోయింది. పడుకున్న బల్ల కాళ్ళవైపు నుంచి ఆ గుండ్రటి గొట్టంలోకి జరిగి, ఛాతీ దాకా పోయి ఆగింది. మొహం బయటే ఉంది. ఎవరో సగం మింగి, రుచి నచ్చక ఆగిపోయినట్టు.

చప్పుడు మొదలైంది. టకటకటక, కాసేపు గుర్రుమని, మళ్ళీ టకటక. హెడ్‌ఫోన్లలో ఏదో మెత్తటి సంగీతం పెట్టారు గానీ ఆ మోత ముందు అదెక్కడ ఆనుతుంది. కప్పుకి తెల్లటి పలకలు, ఒకదాని మూల చెమ్మకి పసుపు తిరిగింది. దానికేసి చూస్తూ పడుకుంది. తెగిపోయి ఉంటే బాగుండు. ఈసారి నాలుక కరుచుకోలేదు. తెగిపోయి ఉంటే అంతా మర్యాదగా జరిగిపోతుంది. కోచ్ వచ్చి పక్కన కూర్చుని, మాట రాక గొంతు సవరించుకుంటాడు. క్లబ్బు వాళ్ళు పెద్ద ఫొటో వేసి కింద నాలుగు మంచి మాటలు రాస్తారు. ఆఖరి మ్యాచ్ ముందు చంకల కింద కర్రలు పెట్టుకుని మైదానం మధ్యదాకా నడుస్తుంది, జనం లేచి నిలబడతారు, జట్టులో చిన్నపిల్లలు ముక్కులు ఎగబీలుస్తారు, ఎవరో పూలగుత్తి ఇస్తారు, కర్రలుండగా దాన్ని ఏ చేత్తో పట్టుకోవాలో తెలియక అందరూ నవ్వుతారు కూడా. పాపం, మోకాలు దెబ్బకొట్టింది గానీ లేకపోతేనా, అంటారు. ఆ 'లేకపోతేనా' చాలు. దాన్ని తలకింద పెట్టుకుని బతికినంతకాలం నిద్రపోవచ్చు. మరి తెగకపోతే? తెగకపోతే సీజన్ సీజనంతా ఒక్క గోలూ కొట్టని స్ట్రైకర్ ఏం చెప్పుకుంటుంది? గోలు కొట్టని స్ట్రైకర్‌ని ఏమంటారు? ఏమీ అనరు. అదే గొడవ. డ్రెస్సింగ్ రూమ్‌లో ఆమె వచ్చేసరికి మాటలు కాస్త తగ్గుతాయి, నవ్వులు కాస్త జాగ్రత్తగా మారతాయి, జబ్బుమనిషి ఉన్న ఇంట్లోలాగా. తిట్టినా బాగుండు.

మోకాలా, అని కోచే అడిగాడు మొదట. సీజన్ మొదట్లో, వరసగా రెండు మ్యాచ్‌లలో తలుపులు బార్లా తీసినట్టున్న గోలు ముందు బంతి ఆమె ముందునుంచే దొర్లుకుంటూ పోయాక, పక్కకి పిలిచి, చాలా మెత్తగా, "మోకాలా?" అన్నాడు. "ఊఁ," అంది. అంతే. అబద్ధం ఆడాలని ఆడలేదు. ఆయన కుర్చీ వేశాడు, ఆమె కూర్చుంది. కూర్చున్నాక లేవడం ఎలాగో తెలియలేదు. ఐస్ పెట్టారు, పట్టీలు చుట్టారు, సూదులు పొడిచారు, మ్యాచ్ వదిలి మ్యాచ్ విశ్రాంతి ఇచ్చారు. ఎక్కడ నొప్పి అంటే ఇక్కడ అని వేలు పెట్టి చూపించేది, ఒకరోజు లోపలి పక్క, ఒకరోజు చిప్ప కింద, రాత్రి పడుకునేముందు నిన్న ఎక్కడ చూపించానా అని గుర్తు చేసుకునేది. ఒక్కోసారి నిజంగానే నొప్పి వచ్చేది. అప్పుడు ఎంత హాయిగా ఉండేదో.

టకటకటక. ఇది ఎక్కడో విన్న చప్పుడే. గోడకి బంతి. మొదటి క్లబ్బులో చేరిన కొత్తలో ఆడపిల్లల్ని సైకిల్ షాపు పైన మేడలో ఉంచారు. గదికి ఇద్దరు, బట్టలారేసుకోవడానికి కిటికీ చువ్వలు, వేణ్ణీళ్ళు ముందు లేచినవాళ్ళకి. వెనక ఇరుకు సందు, దాని చివర కిటికీలు లేని పెద్ద గోడ. ప్రాక్టీస్ అయిపోయి అందరూ కాళ్ళు బారజాపుకుని పడుకుంటే ఆమె బంతి తీసుకుని ఆ సందులోకి పోయేది. కుడికాలు, ఎడమకాలు, కుడికాలు. సైకిల్ షాపాయన బయటికొచ్చి, "అమ్మా తల్లీ, ఆ గోడ నీకేం అపకారం చేసింది?" అని దండం పెట్టేవాడు. అలా దండం పెడుతున్న రోజునే దిగి వచ్చింది పక్కమంచం పిల్ల, జట్టు గోల్‌కీపర్, చేతులకి తొడుగులు ఎక్కించుకుంటూ, "గోడని వదిలెయ్యవే, నన్ను కొట్టు," అంటూ. ఇంత పొడుగు, ఇంతింత భుజాలు, నవ్వితే పై చిగురంతా బయటపడేది. ఆ రోజు నుంచి దాని పేరు గోడ. అసలు పేరు పెట్టి పిలిస్తే అదే వెనక్కి తిరిగి చూసేది కాదు. అది ఆమెకి పెట్టిన పేరు సూది. డిఫెండర్ల మధ్య వెంట్రుకంత సందున్నా దూరిపోతుందని. "సూది గోడలో దిగదే," అని అది, "దిగి చూపిస్తా చూడు," అని ఈమె. చీకటిపడి బంతి కనబడకుండా పోయేదాకా ఇద్దరూ ఆ సందులో.

స్ట్రైకర్‌ని చేసింది ఏ కోచూ కాదు, అదే. మంచాల మీద ఎదురెదురుగా కూర్చుని సబ్బుపెట్టె, దువ్వెన, రెండు చెప్పులు పెట్టి చూపించేది. "ఇదిగో నేను. ఇది దగ్గరి పోస్టు. పక్కనుంచి బంతి వస్తోంది. నువ్వేం చేస్తున్నావ్? బంతి వచ్చాక వస్తున్నావ్. బంతి వచ్చాక వస్తే నాకు పండగే, చేతుల్లోకి తీసుకుంటా. నేను కదలాలని అనుకుంటాను చూడు, అనుకుంటానంతే, ఇంకా కదల్లేదు, అప్పుడు రా. సగం అడుగు ముందు. ఆ సగం అడుగే నన్ను చంపేది." సబ్బుపెట్టెని చెప్పుతో కొట్టి చూపించేది. సగం అడుగు. ఆ సీజన్ ఆమె కొట్టిన గోల్సన్నీ ఆ సగం అడుగులోంచి పుట్టినవే. చప్పట్లన్నీ ఆమెకి పోయేవి, మైదానం అవతలి చివర గోడ ఒక్కతీ గాల్లోకి ఎగురుతూ ఉండేది, తనే కొట్టినట్టు. ఏ కీపరైనా తనని ఎలా చంపాలో ఇంకొకరికి నేర్పుతుందా? అది నేర్పింది. ఎందుకు నేర్పావే, అని అడిగితే, "గదిలో నీ మొహం చూడలేకపోతున్నా, గోలు కొట్టకపోతే అన్నం తినవు, నాకేమో నువ్వు తినకపోతే తినబుద్ధి కాదు," అంది.

గుర్రుమన్న చప్పుడు ఆగింది. చెవిలో అమ్మాయి గొంతు. "బాగా వస్తోంది మేడం, ఇలాగే ఉండండి." ఇలాగే ఉండమంటోంది. కదలకుండా ఉండటమే పని అయితే ఏడాదిగా ఆమె అంత బాగా చేస్తున్నవాళ్ళు ఇంకెవరు? మళ్ళీ టకటక. తర్వాత పెద్ద క్లబ్బు వాళ్ళు పిలిచారు. ఆమె ఒక్కదాన్నే పిలిచారు. ఆ కబురు గోడకి ఎలా చెప్పాలా అని సాయంత్రమంతా బూట్లు తుడుస్తూ కూర్చుంది, ఒకటే బూటు, తుడిచిందే తుడుస్తూ. అదే వచ్చి బూటు లాక్కుంది. "అరిగిపోతుంది. నాకు పొద్దుటే తెలుసులే. పో. పోయి ఆడు. ఎప్పుడైనా నాకు ఎదురొచ్చావనుకో, కాళ్ళు విరగ్గొడతా." నవ్వింది, పై చిగురంతా కనబడేలా. కాళ్ళు విరగ్గొడతా. ఎంతమంది ఎంతమందిని అనరు ఆ మాట, తల్లులు పిల్లల్ని, టీచర్లు బడిపిల్లల్ని, నవ్వుతూ, ముద్దుగా.

పెద్ద క్లబ్బులో పచ్చటి గడ్డి, ఎవరి అలమారా వాళ్ళకి, పేరు రాసిన సీసాల్లో నీళ్ళు. అక్కడ ఆమె ఎవరికీ సూది కాదు. పెద్దవాళ్ళు 'బుజ్జీ' అనేవారు. అక్కడే ఎడమ మోకాలు పోయింది. అసలు తెగడమంటే అదీ. ఎవరూ తగల్లేదు, ఒట్టినే మలుపు తిరిగింది, లోపల ఏదో పటుక్కుమని, కాలు తనది కాకుండా పోయింది. అంచేత తెగితే ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. ఈ కుడిది తెగలేదని తెలుసు. తెలిసే పడుకుని ఉంది, తెగి ఉండాలని కోరుకుంటూ. ఎడమది తెగినప్పుడు గోడ సెలవు దొరికిన ప్రతిసారీ బస్సెక్కి వచ్చేది. ఒంటి మీద ప్రాక్టీస్ బట్టలతోనే, చెమటకంపుతో. ఆసుపత్రి వరండాలో ఆమె భుజం కింద తన భుజం పెట్టి ఆ చివరికీ ఈ చివరికీ నడిపించేది. "ఏడవకే, నీ ఏడుపుకి నా జెర్సీ తడిసిపోతోంది, ఇంక ఉతకాల్సిన పనిలేదు." ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టలేదు. అప్పుడు లెక్కపెట్టాలని తోచలేదు, ఇప్పుడు పెడదామంటే దొరకడం లేదు.

అక్కణ్ణించి మూడో క్లబ్బు, ఎడమ పక్క ఆడమన్నారు, పక్కన ఆడటం ఆమెకి రాదు, బెంచీ మీదే సగం కాలం గడిచింది. తర్వాత ఈ క్లబ్బు. ఇక్కడికి వచ్చేసరికి అందరికీ అక్క అయిపోయింది. కొత్తగా వచ్చిన ఫార్వర్డ్ పిల్ల, మీసాలు రాని కుర్రాడిలా జుట్టు కత్తిరించుకున్న పిల్ల, మొన్న ప్రాక్టీస్‌లో దగ్గరికి వచ్చి, "అక్కా, దగ్గరి పోస్టు ముందుకి ఎప్పుడు కదలాలి? నేనెప్పుడూ ఆలస్యమే అవుతున్నా," అంది. చెప్పడానికి నోరు తెరిచింది. సగం అడుగు అనే మాట గొంతులో అడ్డం తిరిగింది. "నువ్వే తెలుసుకుంటావులే," అని నీళ్ళు తాగడానికి పోయింది. పిల్ల మొహం చిన్నబోయింది. పోనీ చిన్నబోనీ. ఆ మాట విని ఆ పిల్ల ఇంకెవరి మీద పడుతుందో ఎవరికి తెలుసు?

ఎందుకంటే ఆ రోజు సగం అడుగు సరిగ్గా పడింది. కిందటి సీజన్ చివర్లో, మొదటి క్లబ్బు మీద మ్యాచ్. అవతలి పోస్టుల మధ్య గోడ. ఆటకి ముందు చేతులు కలుపుకుంటూ గోడ ఆమె చెవిలో, "ఏమే ముసలమ్మా, ఇంకా పరిగెడుతున్నావా?" అంది. రెండోభాగంలో కుడివైపు నుంచి బంతి నేలబారుగా, గట్టిగా వచ్చింది. ఆమె చూడలేదు బంతిని, గోడని చూసింది. గోడ భుజం కదలాలని అనుకుంది, అనుకోవడం ఆమెకి కనిపించింది, ఆ గదిలో సబ్బుపెట్టె దగ్గర నేర్చుకున్నట్టే కనిపించింది, తను కదిలింది, జారింది, బొటనవేలి కొసకి బంతి తగిలింది, గోడ కాళ్ళు చాపుకుని మీదికి వచ్చేసింది, అంత వేగంలో ఇంక ఎవరూ ఆగలేరు, ఆమె ఒళ్ళంతా ఒక్క ముద్దగా ఆ చాపిన కాలి మీదికి...

"మేడం! కాలు కదిలింది."

చప్పుడు ఆగిపోయింది. ఆమె ఊపిరి తనకే వినబడుతోంది. బోనులో మోకాలు ముందుకి తోసుకుని, పట్టీ బిగుసుకుని ఉంది. కదిలింది. ఇన్నాళ్ళుగా మైదానంలో కొరడా పెట్టి కొట్టినా కదలని కాలు ఇక్కడ, పడుకుని ఉండగా, ఎవరూ లేని చోట కదిలింది. "నొప్పిగా ఉందా మేడం? తీసెయ్యనా?" "వద్దు." "అయితే ఈ భాగం మళ్ళీ మొదటినుంచి తీస్తాను. ఇంకొంచెం ఓపిక పట్టండి." రబ్బరు బుడ్డి చెమటకి చేతిలో జారుతోంది. మళ్ళీ మొదటినుంచి అంది. అలా తియ్యగలిగితే ఎంత బాగుండు, కుడివైపు నుంచి బంతి మళ్ళీ రానిచ్చి, ఈసారి చూస్తూ నిలబడిపోయి, గోడ దాన్ని పొట్టకి హత్తుకుని లేచి, "ముసలిదానివైపోయావే," అంటే, "అయిపోయాను," అనేసి వెనక్కి తిరిగి నడిచిపోతే.

టకటకటక. ఇంక దాన్నుంచి తప్పించుకోలేదు, కాలు కూడా కదపడానికి లేదు, కాబట్టి వచ్చింది అది, మొత్తంగా. చప్పుడు విన్నది. అందరూ అంటారు, ఆ హడావుడిలో నీకేం తెలుస్తుంది, ఎవరికైనా ఏం తెలుస్తుంది, అని. తెలిసింది. ఎండుకొమ్మ తడిగుడ్డలో చుట్టి విరిచినట్టు ఒక చప్పుడు, తన ఒంటి కింద. తన కాలు కాదని కూడా ఆ క్షణంలోనే తెలిసింది. ఆ తర్వాత తలెత్తింది. బంతి వలలో ఉంది. గోలు! లేచింది. రెండు చేతులూ ఎత్తింది. నవ్వింది కూడా, నోరంతా తెరిచి. రెఫరీ ఈల ఊదాడు, మైకులో ఆమె పేరు మోగింది, తన జట్టు పిల్లలు పరిగెత్తుకుంటూ వస్తున్నారు, వస్తున్నవాళ్ళు దారిలోనే ఆగిపోయారు, వాళ్ళ మొహాలు చూసి అప్పుడు వెనక్కి తిరిగింది. అప్పుడే చూసినట్టు తిరిగింది. అప్పుడే తెలిసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. విన్నదానికీ చేతులెత్తినదానికీ మధ్య ఎంతసేపు? కన్ను మూసి తెరిచేంత. ఆ కాస్తలో ఆమె ఎంచుకుంది. గోడ కాలా, గోలా అంటే గోలు అంది. ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు, అయినా అంది. మోకాలి కింద ఎముక రెండు ముక్కలు, చీలమండ నుజ్జు. ఆపరేషన్ మీద ఆపరేషన్, లోపల చీము, మళ్ళీ ఆపరేషన్. కాలు నిలిచింది గానీ చీలమండ ఇంక వంగదన్నారు. గోలు మాత్రం గోలే. రికార్డుల్లో ఉంది. అదే ఆఖరుది.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఏ మ్యాచ్ తర్వాతా గోలు కొట్టావా అని అడగదు, దెబ్బ తగిలిందా అని అడుగుతుంది. చెప్పింది. అమ్మ కాసేపు అయ్యో అయ్యో అంది, ఆ పిల్ల మన ఇంటికొచ్చి ఎంత చక్కగా గిన్నెలు కడిగిందో అంది, తర్వాత గట్టిగా ఊపిరి వదిలి, "పోనీలే, నీకేం కాలేదు, అంతే చాలు," అంది. ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. అమ్మని తిట్టలేదు. అమ్మ తప్పేముంది, కన్నతల్లి అలాగే అంటుంది. కానీ ఆ రెండు మాటలు మోకాల్లో దిగబడిపోయాయి. నీకేం కాలేదు. ఆసుపత్రికి వెళ్ళింది, ఒక్కసారి. గుమ్మంలో నిలబడింది. గోడ మంచం మీదనుంచి చూసింది, చూసి మొహం అటువైపు తిప్పేసుకుంది. గోడ వాళ్ళక్క బయటికి వచ్చి, "ఇప్పుడొద్దమ్మా, దానికి మనసు బాగాలేదు," అంది. బతుకుజీవుడా అని మెట్లు దిగింది. అదీ నిజం, దిగుతుంటే ప్రాణం లేచొచ్చినట్టయింది. మర్నాడు వెళ్దామనుకుంది. మర్నాడు ప్రాక్టీస్ ఉంది. తర్వాత ఇంకేదో ఉంది. తర్వాత, ఇన్నాళ్ళు రాకుండా ఇప్పుడెందుకొచ్చావంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఆ తెలియకపోవడమే పెరిగి పెరిగి ఏడాదయింది. అమ్మవారి దయ, దేవుడి దయ, ఎవరి దయైనా సరే, తెగిపోయి ఉండాలి. ఎముక కూడా విరిగి ఉంటే ఇంకా మంచిది. అప్పుడు కుంటుకుంటూ ఆ గుమ్మంలోకి వెళ్ళి, చూడవే, నాకూ అయింది, అనొచ్చు. అప్పుడు గోడ మొహం ఇటు తిప్పుతుంది. తిప్పాల్సిందే.

చప్పుడు ఆగింది. బల్ల వెనక్కి జరిగింది. అమ్మాయి వచ్చి పట్టీ విప్పుతూ నవ్వింది. "అయిపోయింది మేడం. మా తమ్ముడు మీ అభిమాని." "అలాగా," అంది. బట్టలు మార్చుకునే గదిలో చెవిపోగులు పెట్టుకోబోతే రంధ్రం దొరకలేదు. జేబులో వేసుకుంది.

బయట వరండాలో ఫిజియో ఉంది. జట్టంతా ఆవిడని పిన్ని అంటుంది. పెద్దదని కాదు, కాలు నొక్కుతూ పిన్నిలాగా తిడుతుందని. డాక్టరు గదిలోంచి అప్పుడే వచ్చినట్టుంది, మొహం వెలిగిపోతోంది. "నా నోట్లో పంచదార పొయ్యాలే! ఏమీ లేదు. లిగమెంట్ భేషుగ్గా ఉంది, చిప్ప కింద కూడా శుభ్రం. డాక్టరు ఏమన్నాడో తెలుసా, ఈ వయసులో ఇంత బాగున్న మోకాలు తను చూళ్ళేదట. కోచ్‌కి ఫోన్ చేసి చెప్పేశాను. రేపు మ్యాచ్‌లో మొదటినుంచే దింపుతాడట నిన్ను." ఆమె బెంచీ మీద కూర్చుని బూటు వేసుకుంటోంది. లేసు ముడి పడటం లేదు. రెండు కొసలూ చేతుల్లో ఉన్నాయి, ఏది కిందనుంచి పోవాలో గుర్తు రావడం లేదు. పిన్ని వంగి తానే కట్టబోయింది.

"పిన్నీ. నొప్పి లేదు."

"అదే కదా చెప్తున్నా, ఇంక ఉండదు."

"ఎప్పుడూ లేదు. సీజనంతా లేదు. అబద్ధం చెప్పాను."

పిన్ని చేతులు లేసు మీదే ఆగిపోయాయి. వరండాలో ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ పోయారు. పిన్ని మెల్లగా లేచి నిలబడింది. "ఏమన్నావ్?"

"బంతి దగ్గరికి పోలేకపోతున్నాను. పోబోతే కాలు ఆగిపోతోంది. భయం. మోకాలా అని కోచ్ అడిగాడు, నేను ఊఁ అన్నాను."

తిట్టు కోసం తల వంచుకుని కూర్చుంది. పిన్ని రోజూ తిట్టే మనిషి, ఈసారి మాత్రం గొంతు లేవలేదు. "పొద్దున్నే అందరికంటే ముందు నీ మోకాలే పట్టుకున్నాను కదే. మొన్న ఆ చిన్నదాని చీలమండ ఇంతలావు వాచిపోయి ఏడుస్తుంటే, ఆగవే, ముందు అక్కది చూడాలి అని కూర్చోబెట్టాను. రాత్రిళ్ళు పుస్తకాలు తిరగేశాను, నాకు చేతకాక నీకు తగ్గట్లేదేమోనని. నా చేతుల మీదే నాకు నమ్మకం పోయింది. సిగ్గుగా లేదూ నీకు?"

"ఉంది."

"ఉంటే సరిపోయిందా?" పిన్ని కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. తిరక్కుండానే, "రేపు ఏం చెయ్యమంటావ్?" అంది.

"నన్ను దింపొద్దని చెప్పండి. ఎందుకో కూడా చెప్పండి. లేదా ఫోన్ ఇవ్వండి, నేనే చెప్తాను."

ఆమే చెప్పింది. కోచ్ మధ్యలో అడ్డు రాలేదు. చివర్న, "సరే. రేపు ఆ కొత్త పిల్లని ఆడిస్తాను. తర్వాతి సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు, అప్పటిదాకా ఆమెతో ఎప్పుడూ మాట్లాడని మర్యాద గొంతుతో. తర్వాత అంటే ఏమిటో ఆమెకి అర్థమైంది. వచ్చే సీజన్‌కి ఆ అలమారా మీద ఇంకెవరి పేరో ఉంటుంది. పూలగుత్తి లేదు, కర్రలు లేవు, లేచి నిలబడే జనం లేరు. లేకపోతేనా అనేవాళ్ళూ లేరు. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. పిన్ని ఫోన్ తీసుకుని సంచిలో వేసుకుంది. పోదాం పద అనలేదు. వెళ్ళిపోనూ లేదు. వచ్చి అదే బెంచీ మీద, మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత చోటు వదిలి కూర్చుంది.

ఆమె తన ఫోన్ తీసింది. ఆలోచించుకుంటే చెయ్యలేనని తెలిసి, ఆలోచన కంటే ముందే గోడ నంబరు నొక్కేసింది. మోగింది. మోగుతూనే ఉంది. తియ్యదు, తియ్యకపోతే బాగుండు, తియ్యాలి.

"హలో, ఎవరండీ?"

ఎవరండీ అంటోంది. నంబరు తీసేసింది. "నేనే."

అవతల నీళ్ళు పడుతున్న చప్పుడు. కుళాయి కట్టేశారు. "చెప్పు."

"స్కాన్ తీయించుకున్నాను. మోకాలికి."

"తెగిందా?" ఆ ఒక్క మాటలో పాత కంగారు.

"లేదు. బాగానే ఉంది."

"మంచిది."

"తెగిపోవాలని కోరుకున్నానే. విరిగిపోవాలని."

"నీ కాలు విరిగితే నా కాలు అతుక్కుంటుందా?"

"లేదు."

"మరి? ఇద్దరం కుంటుకుంటూ ఏం చేద్దామని?"

"చప్పుడు విన్నాను." పిన్ని పక్కనే వింటోంది, విననీ. "ఆ రోజు. నీ కాలు విరిగిన చప్పుడు విన్నాను. విని కూడా చేతులెత్తాను."

"చూశాను," అంది గోడ. "ఇంకెటు చూస్తాను, వెల్లకిలా పడి ఉన్నాను కదా. ఆకాశమూ నువ్వూ, రెండే కనబడ్డాయి. నవ్వుతున్నావ్."

ఆమె బెంచీ అంచు పట్టుకుంది.

"అది నేను మర్చిపోలేను. మర్చిపోయానని నీకోసం అబద్ధం చెప్పను. కానీ ఆ చోట నేనున్నా బంతినే చూసేదాన్నేమో. మన బతుకే అది. నాకు ఒళ్ళు మండింది దానికి కాదు. తర్వాత రాలేదు చూడు, దానికి."

"వచ్చాను. మొహం తిప్పేసుకున్నావ్."

"తిప్పుకుంటాను! మర్నాడు మళ్ళీ రావాలి. మళ్ళీ తిప్పుకుంటాను, మళ్ళీ రావాలి. నీ ఎడమ కాలు పోయినప్పుడు నువ్వు నన్ను ఎన్ని తిట్లు తిట్టావే, మంచినీళ్ళ గ్లాసు పెట్టి కొట్టావు కూడా. నేను బస్సెక్కడం మానేశానా?"

అప్పుడు వచ్చింది ఏడుపు, ఎక్కడ దాక్కుందో, వరండా అంతా తిరిగి చూసేలా. పిన్ని జరిగి మధ్యలో చోటు లేకుండా కూర్చుంది. ఫోన్‌లో గోడ ఆగమనలేదు, ఊరుకోమనలేదు. ఏడుపు అయ్యేదాకా లైన్లోనే ఉంది.

"రానా?" అంది ఆమె, మాట నిలదొక్కుకున్నాక.

"ఇవాళ వద్దు. ఇవాళ నీ మొహం చూడలేను." గోడ ఊపిరి వినబడింది. "ఆదివారం రా. లిఫ్టు లేదు, మూడంతస్తులు ఎక్కాలి. నీ మోకాలు బాగానే ఉందన్నావుగా."